పేషెంట్‌కి ఏం నేర్పాలి, అది వాళ్లకు వచ్చిందో లేదో ఎలా చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి 8 నెలలైంది. షుగర్ పేషెంట్లకు హెల్త్ ఎడ్యుకేషన్ ఇచ్చే బాధ్యత ఇన్‌చార్జి సిస్టర్ మీకు అప్పగించారు. కాలేజీలో నేర్పినట్టే లెసన్ ప్లాన్ రాసుకుని, చార్టులు చూపిస్తూ ఓపిగ్గా చెబుతున్నారు. అందరూ తల ఊపుతున్నారు. నెల తిరక్కుండా వాళ్లలోనే కొందరు అంతే షుగర్‌తో మళ్లీ వార్డుకు వస్తున్నారు. లోపం ఎక్కడుంది, ప్లాన్ ఎలా వేయాలి, వాళ్లకు అర్థమైందో లేదో ఎలా కొలవాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెబుతాను. కొలవడం చివర్లో చేసే పని కాదు, దానితోనే మొదలుపెట్టాలి. డిశ్చార్జి అయ్యే ముందు ఈ మనిషి నా కళ్ల ముందు ఏమేం చేసి చూపించాలి? మొదట అది రాసుకోండి. మూడు పనులకు మించొద్దు. ఆ మూడూ చేతికి రావడానికి ఏం కావాలో అదే నేర్పండి, మిగతాది ఫాలోఅప్‌కి వదిలేయండి. చెప్పిన ప్రతి ముక్కా అప్పటికప్పుడు వాళ్ల చేత చెప్పించుకోండి, చేయించి చూడండి. రాకపోతే చెప్పే తీరు మార్చి మళ్లీ చెప్పండి. నా 22 ఏళ్ల సర్వీసులో 14 ఏళ్లు మెడికల్ వార్డులోనే గడిచాయి. గుంటూరు, పల్నాడు పల్లెల నుంచి వచ్చే షుగర్ పేషెంట్లతోనే ఎక్కువగా పని చేశాను. పనికొచ్చిందని నేను నమ్మకంగా చెప్పగలిగేది ఇదే.

ఇక కారణాలు. మన లెసన్ ప్లాన్ తెలిసిందే కదా: సమయం, నిర్దిష్ట లక్ష్యాలు, విషయం, బోధన పద్ధతి, ఏవీ ఎయిడ్స్ (చార్టులు, బొమ్మల్లాంటివి), మూల్యాంకనం అని గడులు గీస్తాం. లక్ష్యాల గడిలో "క్లాసు ముగిసేసరికి పేషెంట్ మధుమేహం గురించి తెలుసుకుంటారు" అని రాస్తాం. ఆ "తెలుసుకుంటారు" అన్న మాట దగ్గరే మొత్తం జారిపోతుంది. తెలుసుకున్నారో లేదో మీకు కంటికి కనిపించదు. కనిపించనిదాన్ని కొలవలేం కాబట్టి చివరి గడిలో "అర్థమైందా అని అడగడమైనది" అని రాసి ముగించేస్తాం. దాని బదులు "తన సీసా నుంచి 20వ గీత దాకా, గాలి బుడగ లేకుండా, ఇన్సులిన్ లాగి చూపిస్తారు" అని రాసి చూడండి. ఇప్పుడు ఏం నేర్పాలో తెలిసింది, ఎలా కొలవాలో కూడా అందులోనే ఉంది. లక్ష్యంలో ఉండే క్రియాపదం కంటికి కనిపించే పని అయి ఉండాలి: లాగడం, చూపడం, వేరు చేయడం, తన మాటల్లో చెప్పడం.

మనం చెప్పింది ఎంత నిలుస్తుందో కూడా తెలిసి ఉండాలి. వైద్య సిబ్బంది చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం పేషెంట్లు అక్కడికక్కడే మరిచిపోతారనీ, గుర్తున్నదాంట్లో దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందనీ కెసెల్స్ అనే డచ్ పరిశోధకుడు 2003లో ఒక సమీక్షా వ్యాసంలో రాశారు. డిశ్చార్జి రోజు పరిస్థితి ఇంకా కష్టం. బిల్లు గురించో, ఆటో గురించో, ఇంటి దగ్గర పాలు పిండాల్సిన గేదె గురించో ఆలోచిస్తూ కూర్చున్న మనిషికి ఆహార నియమాలు, పాదాల సంరక్షణ, కంటి పరీక్ష, మాత్రల వేళలు అన్నీ 20 నిమిషాల్లో చెప్పేస్తే ఏం మిగులుతుంది? అందుకే మూడే అంటున్నాను. కొత్తగా ఇన్సులిన్ మొదలెట్టిన పేషెంట్‌కి నా మూడు ఇవి: సరైన డోసు సరిగ్గా వేసుకోవడం, షుగర్ పడిపోతే గుర్తుపట్టి వెంటనే సరిచేసుకోవడం, ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి రావాలో తెలిసి ఉండడం. ఇవి రాకపోతే ప్రాణం మీదికి వస్తుంది. పాదాలు, కళ్లు, కిడ్నీలు కూడా ముఖ్యమే, కానీ వాటికి రెండు వారాల తర్వాత ఓపీ ఉంటుంది.

నేర్పే ముందు తెలుసుకోవాల్సినవి

ఈ భాగాన్ని చాలామంది రెండు నిమిషాల్లో దాటేస్తారు. నేనైతే మొత్తం సమయంలో మూడో వంతు ఇక్కడే పెడతాను.

మొదటి ప్రశ్న, ఇంట్లో సూది వేసేది ఎవరు? ఒక పెద్దాయనకు నాలుగు రోజులు వరసగా నేర్పాను. చక్కగా నేర్చుకున్నారు, నాకూ తృప్తిగా అనిపించింది. పది రోజులకు షుగర్ బాగా పడిపోయి, చెమటలతో, మాట తడబడుతూ వచ్చారు. ఇంటి దగ్గర సూది వేసేది ఆయన కోడలు. ఆ అమ్మాయి వార్డుకు ఒక్కసారీ రాలేదు. "మావయ్యకి చేతులు వణుకుతాయి సిస్టర్, అందుకే నేనే వేస్తున్నా" అంది. పొద్దున డోసు, రాత్రి డోసు ఆమె తారుమారుగా గుర్తుపెట్టుకుంది. ఆయన చేతుల వణుకు వార్డులో నా కంట పడలేదు, ఎందుకంటే నేను కూర్చోబెట్టి, పట్టుకుని చేయించాను. అప్పటినుంచి కేస్ షీటులో నేను మొదట రాసేది ఇంట్లో సూది వేసే మనిషి ఎవరు, ఆ మనిషి ఏ పూట వార్డులో ఉంటారు అని.

రెండోది చూపు. "కళ్లు బాగా కనిపిస్తాయా?" అని అడిగితే బాగానే అంటారు. సిరంజి చేతికిచ్చి "ఈ గీత పక్కన ఏ అంకె ఉందో చదవండి" అని అడగండి. షుగర్ ఉన్నవాళ్లలో శుక్లాలు, రెటీనా దెబ్బతినడం మామూలే. అంకె కనిపించకపోతే అక్కడితో ప్లాన్ మారిపోతుంది. అంకెలు రానివాళ్లకు ఒక పాత సిరంజి మీద వాళ్ల గీత దగ్గర ప్లాస్టర్ ముక్క అంటించి నమూనాగా ఇస్తాను. కొత్త సిరంజిని దాని పక్కన పెట్టి సరిచూసుకుని లాగుతారు. డోసు మారినప్పుడల్లా ఆ నమూనా కూడా మార్చి ఇవ్వాలి, ఇది మాత్రం మరిచిపోవద్దు.

మూడోది, ఇంట్లో ఫ్రిజ్ ఉందా? లేదంటే తలదించుకోవాల్సిన పనేం లేదని వాళ్లకు అనిపించేలా అడగండి. లేకపోతే మట్టి కుండ చాలు. తడి ఇసుకలో చిన్న కుండ పెట్టి, సీసాను మూత ఉన్న డబ్బాలో ఉంచి ఆ కుండలో పెట్టమంటాను. మన ఎండలకు గూట్లోనో, టీవీ మీదో పెట్టిన ఇన్సులిన్ పాడైపోతుంది. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది: భద్రంగా ఉంటుందని ఐసు గడ్డకట్టే పైఅరలో పెట్టేస్తారు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా వాడకూడదు.

నాలుగోది తిండీ, ఉపవాసాలూ. "డైట్ చెప్పండి సిస్టర్" అంటారు కానీ ముందు వాళ్లు మనకు చెప్పాలి. పొద్దున ఎన్నింటికి లేస్తారు, పొలానికి ఏం తిని వెళ్తారు, మధ్యాహ్నం అన్నం ఎన్నింటికి? కార్తీక సోమవారాలు ఉంటారా, శనివారం ఒంటిపూటా, రంజాన్‌కి రోజా ఉంటారా? "ఉపవాసాలు మానేయండి" అని ఒక్క మాటలో చెప్పేస్తే మనకు చెప్పడం మానేస్తారు గానీ ఉపవాసం మానరు. "ఉండే రోజుకు వారం ముందే డాక్టరుగారిని కలవండి, ఆ రోజుకు డోసు ఏం చేయాలో ఆయన చెబుతారు" అంటే వస్తారు. కార్తీక మాసంలో ఒకావిడ తెల్లవారుజామున తలస్నానం చేసి, సూది వేసుకుని, గుడిలో దీపాలు పెడుతూ పడిపోయారు. ఆవిడకు హైపోగ్లైసీమియా, అంటే షుగర్ పడిపోవడం, దాని లక్షణాలన్నీ నేనే చెప్పాను. సోమవారాలు ఉంటారా అని మాత్రం అడగలేదు.

ప్రతి డోసూ ఒక పాఠమే

"40 మంది పేషెంట్లకు ఇద్దరం ఉంటాం, ఎడ్యుకేషన్‌కి టైమెక్కడ?" అని మీరు రాశారు. నిజమే. విడిగా క్లాసు పెట్టుకుంటే టైము దొరకదు. కానీ పూటకోసారి ఇన్సులిన్ ఎలాగూ ఇస్తాం కదా. రోజుకు రెండు డోసుల పేషెంట్ ఐదు రోజులు ఉంటే పది డోసులు, అంటే పది పాఠాలు. మొదటి రోజు నేను చేస్తూ ఒక్కో పనీ పైకి చెబుతాను, వాళ్లు చూస్తారు. రెండో రోజు ఇన్సులిన్ లాగే పని వాళ్లది, వేసేది నేను. మూడో రోజు మొత్తం వాళ్లే చేస్తారు, నేను మాటలతో సాయం చేస్తాను. నాలుగో రోజు చేతులు కట్టుకుని నోరు మూసుకుని నిలబడతాను. ఆ నాలుగో రోజే అసలు పరీక్ష. తప్పు జరగబోతుంటే ఆపుతాను, అంతే. ఒక్కో డోసుకు మామూలు కంటే మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఆ రోజు నేను చూసేవి: చేతులు కడుక్కున్నారా, పాలలా ఉండే ఇన్సులిన్ అయితే సీసాను అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేశారా లేక టానిక్ సీసాలా ఊపేశారా, ముందు గాలి లాగి సీసాలోకి పంపారా, గీత కంటికి ఎదురుగా పెట్టి చూశారా, నిన్న వేసిన చోటికి కనీసం వేలెడు దూరం జరిగారా, వాడిన సూదిని ఎక్కడ పడేశారు. ఇంట్లో అయితే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత పెట్టమంటాను, నిండాక దగ్గరలో ఉన్న ఆరోగ్య కేంద్రంలో ఇవ్వమంటాను. ఈ జాబితాను ఒక అట్టముక్క మీద రాసి ట్రాలీకి కట్టుకున్నాను. ఏ డ్యూటీలో ఏ సిస్టర్ ఉన్నా ఒకేలా చూడడానికి అది పనికొస్తుంది. లేకపోతే పొద్దున ఒకరు ఒక రకంగా, రాత్రి ఇంకొకరు ఇంకో రకంగా చెబితే పేషెంట్ రెండూ వదిలేస్తారు.

"అర్థమైందా?" అని అడగొద్దు

ఈ ప్రశ్నకు మన ఊళ్లలో ఒకటే జవాబు: "ఆఁ, అర్థమైందమ్మా." తెల్లకోటు ముందు అర్థం కాలేదనడం అమర్యాద అనుకుంటారు, మన పని ఆలస్యం చేస్తున్నామని జంకుతారు. అందుకే భారం మన మీద వేసుకుని అడగాలి. నేను వాడే మాటలు యథాతథంగా రాస్తున్నాను: "నేను గబగబా చెప్పేస్తానని నాకొక అలవాటుంది పెద్దమ్మా. సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి. ఇంటికెళ్లాక మీ అమ్మాయి అడుగుతుంది కదా, సిస్టర్ ఏం చెప్పిందని, ఆ అమ్మాయికి ఎలా చెబుతారో నాకు చెప్పండి." దీన్నే టీచ్-బ్యాక్ అంటారు. వాళ్లు చెప్పేది వింటుంటే మన వాక్యం ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది. "షుగర్ తగ్గితే చక్కెర తినమన్నారు" అని ఒకావిడ చెప్పింది. నేను "షుగర్ పడిపోతే" అన్న అర్థంలో చెప్పాను, ఆవిడ "జబ్బు తగ్గితే" అని అర్థం చేసుకుంది. షుగర్ తగ్గడం మంచిదని డాక్టర్లు చెబుతుంటే, తగ్గితే ప్రమాదమని నేను చెబుతున్నాను. ఆవిడ అయోమయంలో తప్పేముంది? ఆ రోజు నుంచి "తగ్గడం" అన్న మాట మానేసి "ఒంట్లో చక్కెర ఉన్నట్టుండి పడిపోయి, చెమటలు పట్టి, కాళ్లూచేతులూ వణికి, కళ్లు తిరిగి, విపరీతంగా ఆకలేసినప్పుడు" అని చెబుతున్నాను. గ్లూకోమీటర్ ఉంటే 70 కంటే తక్కువ, లేకపోతే ఈ గుర్తులే. అప్పుడు మూడు చెంచాల చక్కెర అర గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాలాగి చూసుకోవాలి, తేరుకోకపోతే మళ్లీ తాగాలి, తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ చివరి మాట పేషెంట్‌కి కాదు, ఇంట్లో వాళ్లకు రావాలి. కాబట్టి పరీక్ష కూడా వాళ్లకే.

సరిగ్గా అప్పజెప్పినా సరిపోని సందర్భాలు

ఇప్పుడు చెప్పబోయే రెండు కేసులు నా ప్లానింగ్‌నే మార్చేశాయి.

మొదటిది ఎర్రమూత సిరంజి కథ. మిర్చి తోటలో కూలికి వెళ్లే 55 ఏళ్ల ఆవిడ. పొద్దున 20, రాత్రి 10 యూనిట్లు. వార్డులో ఎనిమిది డోసులు నా ముందే వేసుకుంది, ఒక్క తప్పు లేదు. మూడు వారాలకు ఓపీకి వచ్చింది, షుగర్ 380. డాక్టరుగారు డోసు పెంచబోతున్నారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, "అమ్మా, సంచిలో సూది, సీసా ఉన్నాయా?" అని అడిగాను. పాలిథీన్ కవరు ముడి విప్పి బల్ల మీద పెట్టింది. సిరంజికి ఆరెంజి రంగు మూత. ఆసుపత్రిలో ఇచ్చిన ఎర్రమూతవి అయిపోతే షాపులో అడిగిందట, ఇవీ ఇన్సులిన్ సూదులే అని ఇచ్చారట.

మీకు తెలిసే ఉంటుంది, అయినా రాస్తాను, చదివే మిగతావాళ్ల కోసం. మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్రమూత 40 సిరంజి వాడాలి. ఆరెంజి మూతది 100 సిరంజి. దాని మీద 20వ గీత అంటే 0.2 మిల్లీలీటరు, అంటే ఈ సీసాలోంచి 8 యూనిట్లే. ఆవిడ మూడు వారాలుగా 20కి బదులు 8, పదికి బదులు 4 వేసుకుంటోంది. ఆ రోజు డోసు పెంచి పంపేసి ఉంటే, మళ్లీ ఎప్పుడైనా ఎర్రమూత సిరంజి చేతికొచ్చిన రోజున ఒక్కసారిగా పెద్ద డోసు పడేది. తిరగేసి జరిగితే ఇంకా ఘోరం: ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి, దాన్ని 40 సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పడుతుంది.

వార్డులో నేను పెట్టిన పరీక్షలో ఆవిడ పాసైంది. ఆ పరీక్షలో సిరంజి నేనిచ్చాను. బయట సిరంజి షాపు ఇస్తుంది. ఇప్పుడు డిశ్చార్జి ముందు రెండు రకాల సిరంజిలూ ట్రేలో పెట్టి "మీ సీసాకు ఏది?" అని అడుగుతాను. షాపుకెళ్లేటప్పుడు ఖాళీ సీసా, పాత సిరంజి తీసుకెళ్లి చూపించమంటాను. ఇంట్లో, షాపులో, పొలంలో ఎలా ఉంటుందో అలాగే పరీక్ష పెట్టాలి.

రెండో కేసు చెప్పాలంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. 14 ఏళ్ల అబ్బాయి, టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని షుగర్. తల్లిదండ్రులు ఇద్దరూ శ్రద్ధగా నేర్చుకున్నారు. నేను చెప్పిన ఒక వాక్యం వాళ్లకు కంఠతా వచ్చేసింది: "తినకుండా ఇన్సులిన్ వేయొద్దు." ఏ ప్రశ్న అడిగినా తప్పు లేకుండా చెప్పారు. రెండు నెలల తర్వాత పిల్లాడికి జ్వరం, వాంతులు. ఏమీ తినడం లేదు కాబట్టి ఒకటిన్నర రోజు ఇన్సులిన్ ఆపేశారు. కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి వచ్చే స్థితి), ఎగశ్వాసతో తీసుకొచ్చారు. బతికాడు, ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఆ రాత్రి వాళ్లమ్మ నన్ను చూసి అన్న మాట, "మీరు చెప్పినట్టే చేశామమ్మా." నిజంగానే నేను చెప్పినట్టే చేశారు.

టైప్ 1 పిల్లలకు జబ్బు చేసినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. మాటిమాటికీ షుగర్ చూసుకోవాలి, నీళ్లు తాగిస్తూ ఉండాలి, వెంటనే ఫోన్ చేసి డోసు అడగాలి, వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి రావాలి. నా వాక్యంలో ఇదేదీ లేదు. అందుకని ఇప్పుడు అప్పజెప్పించుకోవడంతో ఆగను. "ఇలా జరిగితే ఏం చేస్తారు?" అని నాలుగు సందర్భాలు ఇచ్చి అడుగుతాను: వాంతులైతే? పెళ్లిలో భోజనం రెండు గంటలు ఆలస్యమైతే? సూది వేసుకున్నారో లేదో గుర్తు రాకపోతే? సీసా పగిలిపోతే? జవాబులో తడబాటు ఎక్కడ వస్తే నా పాఠంలో అక్కడ ఖాళీ ఉన్నట్టు. వేసుకున్నారో లేదో గుర్తు రానప్పుడు మళ్లీ వేసుకోకుండా షుగర్ చూసుకుని ఫోన్ చేయమని చెబుతాను. దానికంటే ముందు, గోడ క్యాలెండర్ మీద వేసిన వెంటనే టిక్కు పెట్టే అలవాటు చేయిస్తాను.

ఫాలోఅప్‌లో కొలిచేవి

డిశ్చార్జి తర్వాత మూడో రోజున ఒక ఫోన్. ఐదు నిమిషాలు. "ఈ పొద్దున ఎన్ని గీతలు లాగారు, ఎక్కడ వేశారు, తర్వాత ఏం తిన్నారు?" ఈ మూడు ప్రశ్నలే. ఊళ్లో ఆశా కార్యకర్త తెలిసినవాళ్లైతే, పేషెంట్ ఒప్పుకుంటే, వాళ్లకూ ఒక మాట చెబుతాను.

ఓపీకి వచ్చేటప్పుడు సూది, సీసా, మాత్రల కవర్లు అన్నీ సంచిలో తెమ్మని డిశ్చార్జి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. సీసా మీకు చాలా చెబుతుంది. 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు. రోజుకు 30 వేసుకునేవాళ్లకు అది 13 రోజులు రావాలి. 21వ రోజున కూడా మూడో వంతుకు పైగా మిగిలి ఉందంటే డోసైనా తప్పుతోంది, సిరంజైనా తప్పు. పై కేసులో నాకు మొదట అనుమానం వచ్చింది అలాగే. తెరిచిన సీసా నాలుగు వారాలకు మించి వాడొద్దని చెబుతాం కాబట్టి, తెరిచిన తేదీ సీసా మీద రాసి ఉందా అని కూడా చూడండి.

తర్వాత పొట్ట మీద, తొడల మీద చేత్తో తడమండి. ఒకేచోట పొడిచేవాళ్లకు మెత్తటి గడ్డలు తగులుతాయి. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి హాయిగా ఉందని అక్కడే పొడుచుకుంటారు, ఇన్సులిన్ సరిగ్గా ఒంటబట్టదు. "చోటు మారుస్తున్నారా?" అని అడిగితే అవుననే అంటారు. వేళ్లకు తగిలేదే నిజం.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చూస్తాం. గడిచిన రెండు మూడు నెలల సగటు అందులో తెలుస్తుంది కాబట్టి అంతకుముందే చేయించి నిరాశ పడొద్దు. అయితే దాన్ని మీ బోధనకు మార్కుగా తీసుకోకండి. డోసు సరిపోకపోవచ్చు, సిరంజిలు కొనడానికి డబ్బు లేకపోవచ్చు, ఇంట్లో ఏదైనా కష్టం వచ్చి ఉండొచ్చు. పేషెంట్ అన్నీ సరిగ్గా చేస్తూ కూడా అంకె దిగకపోతే అది డాక్టరుగారికి చేరాల్సిన కబురు. "మీరు పత్యం చేయట్లేదు" అని గద్దిస్తే ఆ మనిషి వచ్చే నెల ఓపీకి రారు.

ప్రీటెస్ట్, పోస్ట్‌టెస్ట్ ప్రశ్నాపత్రాల గురించి కూడా అడిగారు. గ్రూపు క్లాసులకు, మీ ప్రాజెక్టుకు అవి పనికొస్తాయి. జ్ఞానం పెరిగిందని చూపిస్తాయి. సూది పట్టిన చేయి గురించి ఏమీ చెప్పవు. చేతిపనికి చెక్‌లిస్టు, తెలివిడికి టీచ్-బ్యాక్, మనసుకు సంభాషణ. దేనికి తగిన కొలత దానికి ఉండాలి.

మనసు అన్నాను కదా. అది పట్టించుకోకపోతే మిగతావన్నీ వచ్చినా ఉపయోగం ఉండదు. ఒక ఆటో డ్రైవరు, 38 ఏళ్లు. అన్నీ గడగడా చెప్పాడు, చేసి చూపించాడు, ఇంటికెళ్లి ఒక్కరోజూ వేసుకోలేదు. రెండోసారి అడ్మిట్ అయ్యాక, రాత్రి డ్యూటీలో మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే మెల్లగా చెప్పాడు: "మా నాన్నకి ఇన్సులిన్ మొదలెట్టిన ఆర్నెల్లకి కాలు తీసేశారు సిస్టర్. ఆ సూది వస్తే ఇక చివరి మెట్టే." నాన్నకు కాలు పోయింది ఇన్సులిన్ వల్ల కాదని, అది ఆలస్యంగా మొదలవడం వల్ల కావచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు మొదటి రోజే అడుగుతాను: "ఇన్సులిన్ అనగానే మీకు ఎవరు గుర్తొస్తారు?" ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు.

రికార్డు ఎలా రాయాలి

నర్సెస్ నోట్స్‌లో "పేషెంట్ ఎడ్యుకేషన్ గివెన్" అని రాసి, పేషెంట్ చేత సంతకం పెట్టించుకుంటాం. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) ఆడిట్ వచ్చినప్పుడు ఆ కాగితం కావాలి, కాదనను. కానీ తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టర్‌కు దానివల్ల ఏమీ తెలియదు. నేను ఇలా రాస్తాను: "20 యూనిట్లు సొంతంగా లాగారు. గాలి బుడగ చూసుకోలేదు, చెప్పాక తీశారు. హైపో గుర్తుల్లో చెమట, వణుకు చెప్పారు, ఆకలి చెప్పలేదు. కోడలు రేపు సాయంత్రం వస్తారు, ఆమెకు నేర్పాలి." నాలుగు వాక్యాలు. రాత్రి సిస్టర్ అక్కడినుంచి అందుకుంటారు. ఏం చేశారో రాయండి, ఏం చెప్పామో కాదు.

చివరిగా మీ ఆఖరి ప్రశ్న: డిశ్చార్జి రోజు వచ్చేసింది, పేషెంట్‌కి ఇంకా రాలేదు, ఏం చేయాలి? ఏమీ పట్టనట్టు పంపేయొద్దు. ముందు డాక్టరుగారికి చెప్పండి: "ఈయన సొంతంగా డోసు లాగలేకపోతున్నారు" అని. కొన్నిసార్లు ఒక రోజు ఆపుతారు, కొన్నిసార్లు పెన్నుకు మారుస్తారు, రోజుకు రెండు డోసులను ఒకటి చేయడం కుదురుతుందేమో చూస్తారు. అదీ కుదరకపోతే ఇంట్లో ఇంకొకరిని పిలిపించండి. ఇంట్లో ఎవరూ లేని ఒంటరి ముసలావిడ ఒకరికి, అదే వీధిలో ఉండే ఏఎన్ఎంతో మాట్లాడి, పొద్దున పనికెళ్తూ ఆమే వేసి వెళ్లేలా ఏర్పాటు చేశాం. ఆవిడకు మేము నేర్పింది రెండే: చెమట పడితే చక్కెర నీళ్లు తాగడం, ఏఎన్ఎం రాని రోజు పక్కింటివాళ్ల ఫోన్‌తో వార్డుకు కబురు చేయడం. వార్డు నంబరు బొగ్గుతో గోడ మీద రాయించుకుంది. రెండేళ్లలో మూడుసార్లు ఆ నంబరుకు ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది, మూడుసార్లూ ఫోన్ చేయాల్సిన సందర్భమే.